సీతయ్య వ్యాను ఎడమ కమాను

సీతయ్య వ్యాను ఎక్కాలంటే ముందు కాంటా ఎక్కాలి.

చంకలో కోడిపుంజు ఉన్నా ఏమీ అనడు. కాస్త తాగి వచ్చినా, వాగకుండా కూర్చుంటానని మాటిస్తే ఎక్కించుకుంటాడు. తూకం కాకుండా మాత్రం, ఎంతటి వాడైనా సరే, వ్యాను మెట్టు మీద కాలు పెట్టనివ్వడు.

కాంటా అంటే ఆసుపత్రిలో ఉండే చిన్న బల్ల కాదు. ఇప్పపువ్వు బస్తాలు, చింతపండు బస్తాలు తూచే ఇనుప పలక కాంటా. సీతయ్య ఇరవై రెండేళ్ళు భోపాలపట్నంలో ఒక సేఠు దగ్గర తూకం పని చేశాడు. సేఠు దుకాణం ఎత్తేసి వెళ్ళిపోతూ "ఏం కావాలి సీతయ్యా?" అని అడిగితే, ఆ కాంటా ఇమ్మన్నాడు. తర్వాత ఎక్కడో ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాడు. ఆ రెండింటికీ పెళ్ళి చేశాడు.

పొద్దున ఆరింటికి ఆవపల్లి బజారులో వ్యాను వెనక తలుపు తెరుచుకుంటుంది. కాంటా కిందికి దిగుతుంది. సీతయ్య నేల చదునుగా ఉన్నచోట దాన్ని పెట్టి, అరచేత్తో దుమ్ము తుడిచి, "రాండ్రి, ఒక్కొక్కలే" అంటాడు. చెప్పులు విప్పాలి. సంచి కింద పెట్టాలి, దానికి వేరే తూకం. ముల్లు ఆగేదాకా ఊపిరి బిగపట్టాలి. ఆగాక అతను కళ్ళు చిట్లించి చూసి "కుడి" అనో, "ఎడమ" అనో తీర్పు చెబుతాడు. ఆడవాళ్ళ బరువు ఎంతో పైకి మాత్రం చెప్పడు.

ఇదంతా ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే, అద్దానికి అంటించిన కాగితం చూపిస్తాడు. ఫిట్‌నెస్ పరీక్ష కాగితం. అందులో హిందీలో, ఎర్ర సిరాతో, ఎడమ వెనక కమాను ఫెయిల్ అని రాసి ఉంటుంది. చక్రం మీద బండి బరువు మోసే ఉక్కుపట్టీల కట్టే కమాను. అది బలహీనమైతే ఎడమ పక్క తక్కువ బరువు కూర్చోవాలి. మిగతా డ్రైవర్లు పాసైన కాగితం అంటించుకుంటారు. ఫెయిలైన కాగితాన్ని లామినేషన్ చేయించి అంటించుకున్నవాడు బస్తర్ మొత్తంలో సీతయ్య ఒక్కడే.

ఒకసారి కొత్త పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు వచ్చారు. పిల్లవాడు నలభై ఎనిమిది, పిల్ల అరవై ఒకటి. "నువ్వు ఎడమ, ఆమె కుడి" అన్నాడు సీతయ్య. పిల్లవాడు బతిమాలాడు. "పెళ్ళయి రెండు రోజులే అయింది కాకా, పక్కపక్కన కూచుంటం."

"కూచోండ్రి. కానీ నీ ఒళ్ళో ఒక పదమూడు కిలోల రాయి పెట్టాలె మల్ల."

చివరికి ఆ పిల్లవాడు పదమూడు కిలోల చింతపండు మూట ఒళ్ళో పెట్టుకుని, భార్య పక్కన ఎడమ కమాను మీద కూర్చుని, ముప్పై ఆరు కిలోమీటర్లు ప్రయాణం చేశాడు. ఆ లెక్క ఏ సూత్రం ప్రకారం కుదిరిందో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

కిరాణా దుకాణం చక్రధరరావుకైతే కాంటా అంటే కక్ష. ఆయన తొంభై నాలుగు కిలోలు. ఎప్పుడూ కుడే. "ఒక్కసారన్నా ఎడమ పక్క కూర్చోనియ్యి సీతయ్యా. మూడేళ్ళుగా ఒకే పక్క చెట్లు చూస్తున్న" అంటాడు.

"ఇరవై కిలోలు తగ్గు సేఠ్. ఇంకో పక్క చెట్లు చూపిస్త."

ఇక నా సంగతి. నేను ఆవపల్లి బడిలో సైన్సు టీచరుని. మా ఆయన ఉమామహేశ్ ఉద్యోగం కొంటాలో. శనివారం వస్తాడు, సోమవారం వెళ్తాడు. మా పాప వాసవి తొందరపడి ఏడో నెలలోనే పుట్టింది. పుట్టినప్పుడు కిలో ఆరువందల గ్రాములు. దాన్ని పదిహేను రోజులకోసారి బీజాపూర్ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాలి. ఇంట్లో నేను రోజుకు మూడుసార్లు పాపను డిజిటల్ మెషీన్ మీద తూచి, గోడ మీద గ్రాఫు గీసేదాన్ని. మా అత్తగారు తల పట్టుకునేది. "పసిదాన్ని అట్లా తూస్తే దిష్టి తగుల్తదే" అని ఆమె ఒక పక్క నుంచి ఉప్పు దిగతుడిచేది, నేను ఇంకో పక్క నుంచి చుక్కలు కలిపేదాన్ని.

మొదటిసారి వ్యాను ఎక్కబోయినప్పుడు సీతయ్య పాప కోసం చేతులు చాచాడు.

"పాపను ఇయ్యి బిడ్డా. కాంటా మీద పండబెడదాం."

"దీన్నెందుకు బాబాయి? ఆరు కిలోల పిల్లకు మీ కమాను విరుగుతుందా?"

అతను కాంటా మీద తన తువ్వాల నాలుగు మడతలు పెట్టి పరిచి, పాపను పడుకోబెట్టి, ముల్లు చూశాడు. "ఆరు కాదు బిడ్డా. ఆరు మీద రెండు వందలు."

ఆ పొద్దున నా డిజిటల్ మెషీన్ ఆరు కిలోల రెండువందల పది అంది. బస్తాల కాంటా మీద అంత కచ్చితంగా చూసిన ఆ కంటికి మనసులోనే దండం పెట్టాను.

కానీ ఆ కాగితం చూశాక నాకు నిద్ర కరువైంది. ఉక్కుకూ అలసట వస్తుందని, అది లోపల్లోపలే సన్నటి పగులుగా పెరుగుతుందని, ఒక రోజు చెప్పాపెట్టకుండా ఫట్టుమంటుందని చదువుకున్న పాపానికి, వ్యాను గుంతలో పడ్డప్పుడల్లా నా గుండె కమాను విరిగేది. ఆవపల్లి నుంచి బీజాపూర్ దాకా రెండువందల పద్దెనిమిది గుంతలు. లెక్క పెట్టాను.

"అంత భయమైతే ఎందుకు ఎక్కుతున్నావు?" అన్నాడు ఉమామహేశ్ ఫోనులో.

"మిగతా జీపులు డెబ్భైలో పోతాయి. ఈయన ముప్పై దాటడు. ఆ వేగంలో కమాను విరిగినా బతికే అవకాశం ఎక్కువ."

"ఇదీ లెక్క వేశావా?"

"రెండు పద్ధతుల్లో."

ఇట్లా పది నెలలు గడిచాక ఆ రోజు వచ్చింది. సీతయ్య వ్యానుకు ఫిట్‌నెస్ గడువు ఆఖరి రోజు. మధ్యాహ్నం ఒంటి గంటకు జగదల్‌పూర్‌లో పరీక్ష. తప్పితే మర్నాటి నుంచి బండి రోడ్డెక్కకూడదు. అదే రోజు మూడు గంటలకు జగదల్‌పూర్‌లోనే వాసవికి కళ్ళ పరీక్ష. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కళ్ళు తప్పకుండా చూపించాలని డాక్టరు మరీమరీ చెప్పింది. "నేను పోతనే ఉన్న గద బిడ్డా, రా" అన్నాడు సీతయ్య. రెండువందల కిలోమీటర్లు, పద్దెనిమిదేళ్ళ బండి, ఫెయిలైన కమాను, ఒళ్ళో తొమ్మిది కిలోల పిల్ల. ఆ రాత్రంతా వేసిన లెక్కల్లో ఒక్కటీ నాకు అనుకూలంగా రాలేదు. అయినా వేరే దారి లేక పొద్దున్నే వెళ్ళి కాంటా ముందు నిలబడ్డాను.

నా ముందు ఇర్మె ఉంది. తర్రెం దగ్గరి పల్లె పిల్ల. ఎనిమిదో నెల. వారం వారం అత్తతో కలిసి వెదురుబుట్టలు అమ్మడానికి బీజాపూర్ వెళ్తుంది. ముందు సీట్లో ఎప్పటిలాగే సుమిత్ర కూర్చుంది. సుమిత్ర మితానిన్, అంటే పల్లెల్లో తిరిగి ఆడవాళ్ళ, పిల్లల ఆరోగ్యం చూసే మనిషి. సీతయ్య ఒక్కొక్కరినీ తూచి, వీపు వెనక వేళ్ళతో ఆమెకు ఏదో సైగ చేస్తాడు. సీటు నంబర్లు కాబోలనుకునేదాన్ని.

ఇర్మె కాంటా ఎక్కింది. ముల్లు ఆగింది. సీతయ్య కుడి అనలేదు, ఎడమ అనలేదు.

"దిగు పిల్లా."

దిగింది.

"మళ్ళ ఎక్కు."

ఎక్కింది. అతను ముల్లు దగ్గరికి వంగి చూశాడు. ఆమెను దింపి, తాను ఎక్కి, తన బరువు చూసుకుని, దిగి, మూడోసారి ఆమెను ఎక్కించాడు.

"ఏంది సీతయ్యా, కాంటా కూడా ఫెయిలయిందా?" అన్నాడు చక్రధరరావు. జనం నవ్వారు. సీతయ్య నవ్వలేదు. వీపు వెనక మూడు వేళ్ళు చూపించాడు. సుమిత్ర ముఖంలో రంగు మారింది.

"కమాను ఇయ్యాల ఒప్పుకుంటలేదు" అన్నాడు సీతయ్య గట్టిగా. "ఇర్మె, వాళ్ళ అత్త, టీచరు బిడ్డ, పాప, సుమిత్ర. ఇంతమందే ఎక్కాలె. మిగతా వాళ్ళు వెనక జీపుల రాండ్రి."

"నా వల్లనే గద! నేనింకా చాయ్ కూడా తాగలే సీతయ్యా!" అని చక్రధరరావు మొత్తుకుంటూనే ఉన్నాడు. వ్యాను కదిలింది.

కదలడం కాదు, దూకింది. ముప్పై. నలభై. అరవై. నేను పాపను గుండెకు కరుచుకుని కుడి పక్కకు జరిగి కిటికీకి అతుక్కుపోయాను.

"బాబాయి! గుంత!"

"చూసిన."

"బాబాయి, కమాను!"

"దాని సంగతి నాకెరికే."

"వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లు పడుతుంది బాబాయి!"

"గట్లనా? నాకు తెల్వదు బిడ్డా. జర గట్టిగ పట్టుకో."

వెనక సీట్లో ఇర్మె రెండు చేతులతో తల పట్టుకుంది. ఆమె తమ భాషలో ఏదో అంటే సుమిత్ర నాకు చెప్పింది. "రాత్రి నుంచి తల పగిలిపోతుందట. కళ్ళ ముందర మెరుపులు వస్తున్నయట." అప్పుడు చూశాను ఇర్మె పాదాలు. ఉబ్బి, నున్నగా మెరుస్తున్నాయి. కాలి మెట్టె చర్మంలోకి కూరుకుపోయింది.

"ఒళ్ళు చేసిందని మేం సంబరపడుతున్నం" అంది ఆమె అత్త. ఆమె గొంతులో సంబరం లేదు.

ఆ తర్వాత గుంతలు లెక్కపెట్టడం మానేశాను. ఒక్కోసారి "ఇంకొంచెం తొందరగా బాబాయి" అని నేనే అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఏడు కాకముందే బీజాపూర్ ఆసుపత్రి ముందు ఆగాం. సుమిత్ర, అత్త కలిసి ఇర్మెను లోపలికి తీసుకెళ్ళారు. సీతయ్య మెట్ల మీద కూలబడ్డాడు. ఏడున్నర అయింది. ఎనిమిది అయింది. ఒకసారి సుమిత్ర బయటికి వచ్చి, "బీపీ నూట డెబ్భై ఉంది. సూదులిచ్చిన్రు. ఫిట్స్ వస్తదేమోనని చూస్తున్నరు" అని చెప్పి పరుగెత్తింది.

నేను గడియారం చూశాను. ఎందుకు చూశానా అని సిగ్గు కూడా పడ్డాను.

"బాబాయి, ఒంటి గంటకు అక్కడుండాలి. ఇవాళ తప్పితే మీ బండి..."

"ముల్లు ఇంకా ఊగుతనే ఉంది బిడ్డా" అన్నాడు తల ఎత్తకుండా. "ఆగకముందే ఎట్ల దిగుత?"

ఎనిమిదిన్నరకు సుమిత్ర గుమ్మంలోకి వచ్చి, అరచెయ్యి కిందికి దించుతూ సైగ చేసింది. తగ్గుతోంది. సీతయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని లేచాడు.

ఖాళీ వ్యానులో నేను తలుపు దగ్గర నిలబడి అడిగాను. "ఇప్పుడు ఎటు కూర్చోమంటారు బాబాయి? కుడా, ఎడమా?"

"ఏడన్న కూచో బిడ్డా."

పది నెలల్లో ఆ మనిషి నోట ఆ మాట రాలేదు. బండి మీద ఆశ వదిలేసుకున్నాడనుకున్నాను. సరిగ్గా మధ్యలో, ఇంజను పెట్టె మీద దుప్పటి వేసుకుని, నూట అరవై కిలోమీటర్లు కూర్చున్నాను. వాసవి హాయిగా నిద్రపోయింది. దానికి లోహాల గురించి ఏమీ తెలియదు.

పన్నెండూ యాభైకి జగదల్‌పూర్ తనిఖీ కేంద్రం చేరాం. లైట్లు చూశారు. హారన్ కొట్టారు. పొగ గొట్టంలో గొట్టం పెట్టారు. చక్రాలను రోలర్ల మీద ఎక్కించి బ్రేకు తొక్కించారు. ఆఖరున ఒక అధికారి చిన్న సుత్తి పట్టుకుని వ్యాను కిందికి దూరాడు. ఠంగ్. కుడి కమాను. నేను కళ్ళు మూసుకున్నాను. ఠంగ్. ఎడమ కమాను. రెండు చప్పుళ్ళూ ఒకటే.

అధికారి బయటికి వచ్చి చేతులు దులుపుకుని, హిందీలో అన్నాడు. "పాస్. పద్దెనిమిదేళ్ళ బండిని ఇంత బాగా ఉంచుకున్నవాణ్ణి ఈ ఏడాది చూడలేదు."

"సార్, ఎడమ కమాను ఇంకోసారి చూడండి" అన్నాను.

"చూశాను మేడం. బ్రహ్మాండంగా ఉంది."

"లేదు సార్, అది ఫెయిల్. ఇంకాస్త గట్టిగా కొట్టండి."

తాను వచ్చిన బండిని ఫెయిల్ చెయ్యమని పోట్లాడిన ప్రయాణికురాలు ఆయనకు నేనే మొదటిదాన్నట. అద్దం మీది కాగితం చూపించాను. ఆయన నవ్వాడు. "ఇది మూడేళ్ళ కిందటిది మేడం. మర్నాడే కొత్త కమాను వేయించుకుని వచ్చి పాసయ్యాడు. నాకు బాగా గుర్తు. ఫెయిలైన కాగితం నాకే ఇచ్చెయ్యండి అని బతిమాలినవాడు ఇతనొక్కడే."

నేను సీతయ్య వైపు తిరిగాను. అతను చాలా శ్రద్ధగా ఆకాశంలోకి చూస్తున్నాడు.

"పది నెలలు!" అన్నాను గేటు బయటికి వచ్చాక. "పది నెలలు నేను నిద్రపోలేదు బాబాయి! గుంత గుంతకూ ప్రాణం పోయింది! అంతా అబద్ధమా?"

"గట్ల ఒర్లకు బిడ్డా, పాప లేస్తది."

అప్పుడే అతని ఫోను మోగింది. అతను ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు. అవతల సుమిత్ర.

"బీపీ నూట నలభైకి దిగింది కాకా. తల నొప్పి తగ్గిందట. కడుపుల బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటుందట. కానీ డాక్టరమ్మ ఒక్కటే అడుగుతుంది, వారంల మూడు కిలోలు పెరిగిందని మీకెట్ల తెలిసింది, ఏ మెషీన్ మీద తూచిన్రని. ఏం చెప్పాలె?"

సీతయ్య కంగారు పడ్డాడు. "చింతపండు కాంటా అని చెప్పకు పిల్లా. ఏదన్న ఇంగ్లీషు పేరు చెప్పు."

ఫోను పెట్టేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. చెప్పులు విప్పించడం, సంచులు వేరుగా తూచడం, ఆడవాళ్ళ బరువు పైకి చెప్పకపోవడం, వీపు వెనక వేళ్ళు. బండి మోసేది చెప్పులతో సహా కదా, మరి విప్పించడం దేనికి? తొమ్మిదో తరగతి పిల్లవాడైనా ఆ ప్రశ్న వేసేవాడు. నేను గుంతలు లెక్కపెట్టాను.

"సుమిత్ర పాపం తన మెషీన్ మోసుకొని నాలుగూర్లు తిరిగేది" అన్నాడు సీతయ్య నసుగుతూ. "ఒక్కరు ఎక్కకపోయేది. కడుపుతోటి ఉన్నదాన్ని తూస్తే దిష్టి, పసిదాన్ని తూస్తే దిష్టి అని ముసలోళ్ళు తరిమేటోళ్ళు. నా బండిల కూచొని ఏడ్చింది ఒకనాడు. గా వారమే నా కమాను ఫెయిలయింది."

"మరి మీ కాంటా ఎక్కితే దిష్టి లేదా?"

"నాది మనుషుల్ని తూసే కాంటా కాదు గద బిడ్డా. లోడు తూసేది. లోడుకు దిష్టి ఏడుంటది?"

నాకు నవ్వొచ్చింది. మా అత్తగారు గుర్తొచ్చింది. పాపను నా మెషీన్ మీద పెడితే ఉప్పు దిగతుడిచే ఆమె, సీతయ్య కాంటా మీద పెడితే పక్కనే నిలబడి "కుడా ఎడమా?" అని అడిగేది.

"మరి చక్రధరరావు గారిని ఎందుకు తూస్తారు? ఆయనకేం కడుపు కాదు కదా."

"ఆడోళ్ళనే తూస్తే అనుమానం రాదా? ఇగ ఆయనకు చక్కెర బీమారి ఉంది. మొన్నటిదాక తొంభై ఎనిమిది. తిట్టి తిట్టి నాలుగు దింపిన." తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇరవై రెండేండ్లు సేఠు దగ్గర చేసిన. బస్తాల పావు కిలో తగ్గితే సేఠు నన్ను నిలబెట్టి అడిగేటోడు. ఇర్మె లాంటి పిల్లలు తగ్గినా పెరిగినా అడిగేటోడు లేకపాయె. ఊకె కూచోలేక మొదలుపెట్టిన."

మూడు గంటలకు వాసవి కళ్ళు కూడా పాసయ్యాయి. డాక్టరు చూపించిన ఎర్ర బంతిని ఎటు తిప్పితే అటు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు నేను ఎడమ పక్క కూర్చున్నాను. ఆ పక్క చెట్లు నిజంగానే బాగున్నాయి.

బీజాపూర్ దాటాక సీతయ్య గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, ఒక్క మాట. బండి పాసయిందని ఊళ్ళె అనకు. మంచిగున్న బండికి కాంటా ఎవరెక్కుతరు?"

"నేను అబద్ధం చెప్పలేను బాబాయి. ప్రాక్టికల్స్‌లో రీడింగు మార్చి రాసిన పిల్లలకు సున్నా వేసేదాన్ని."

అతను వేగం ముప్పైకి తగ్గించాడు.

తర్వాతి బజారు రోజుకు ఇర్మె కాన్పయింది. ఆడపిల్ల, రెండు కిలోల నాలుగు వందలు, తల్లీబిడ్డా క్షేమం. పొద్దున ఆరింటికి కాంటా చుట్టూ జనం మూగారు. తర్రెం నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి వచ్చిన నలుగురు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు అత్తల వెనక నిలబడి ఉన్నారు. చక్రధరరావు అందరికంటే ముందున్నాడు.

"ఏమయింది సీతయ్యా? జగదల్‌పూర్‌ల పాసా, ఫెయిలా? పాసయితే ఈ కాంటా పీడ పోయినట్టే గద!"

సీతయ్య నా వైపు చూశాడు. జనమంతా నా వైపు చూశారు. సైన్సు టీచరు కదా, పరీక్ష దగ్గర ఉండి చూసింది కదా.

"ఫెయిల్" అన్నాను. "ఎడమ కమాను అస్సలు బాగోలేదట. బాగు చేయించుకోమని గడువిచ్చారు."

అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ మొదటిసారి అబద్ధం చెప్పేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా అందరూ అంత నమ్మకంగా వింటున్నారు.

"ఈసారి కుడి కమాను కూడా పోయిందట" అన్నాను.

"అయ్యో!" అన్నారంతా. అత్తలు కోడళ్ళను ముందుకు తోశారు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పేశారు. చక్రధరరావు బెల్టు కూడా తీసేసి, జేబులోని తాళంచెవుల గుత్తి నాకిచ్చి, ప్రాణభయంతో ఊపిరి బిగపట్టి కాంటా ఎక్కాడు.

సీతయ్య నా పక్కకు వచ్చి, చెవి దగ్గర వంగి, నిజంగానే దిగులుపడుతూ గుసగుసలాడాడు.

"ఎడమది చాలు గద బిడ్డా, కుడిది ఎందుకు పోగొట్టినవ్? ఇప్పుడు ఈ తొంభై నాలుగు కిలోలను నేను ఏడ కూచోబెట్టాలె?"